వినికిడి సహాయక కుక్కపిల్లను పెంచడం: అనుభవం ఉన్నవారి సలహా కావాలి

ప్రశ్న (రెడింగ్ నుంచి)

అందరికీ నమస్కారం. మేము ఇంగ్లండులోని రెడింగ్‌లో ఉంటున్నాము. నేను వారంలో నాలుగు రోజులు ఇంటి నుంచే పని చేస్తాను, మావారు రోజూ ఆఫీసుకు వెళతారు, మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. బధిరులకు తోడుగా ఉండే కుక్కలను తయారుచేసే హియరింగ్ డాగ్స్ ఫర్ డెఫ్ పీపుల్ అనే సంస్థ, దాదాపు ఎనిమిది వారాల వయసున్న కుక్కపిల్లలను స్వచ్ఛంద సేవకుల ఇళ్లలో పెంచడానికి ఇస్తుందని, ఏడాది దాటాక వాటిని వెనక్కు తీసుకుంటుందని ఈమధ్యే తెలిసింది. అప్పటినుంచి మా అబ్బాయి వదలడం లేదు, నిజం చెప్పాలంటే నాకూ ఆశగానే ఉంది.

అయితే చిన్నప్పుడు గుంటూరులో మా వీధి కుక్కకు అన్నం పెట్టడం తప్ప కుక్కను పెంచిన అనుభవం నాకు లేదు. గంట మోగితే యజమానికి చెప్పడం లాంటివన్నీ మేమే నేర్పాలా? మా వంటింట్లో పొద్దున్నే కుక్కర్ కూతలు, మిక్సీ రొద తప్పవు. వాటికి పిల్ల బెదిరిపోతే దాన్ని పాడుచేసినవాళ్లం అవుతామేమోనని భయంగా ఉంది. పైగా వేసవిలో మా అత్తగారు ఆరు నెలలు ఉండడానికి వస్తున్నారు. ఆవిడకు మడి, ఆచారం ఉన్నాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, అంత కాలం పెంచిన పిల్లను అప్పగించే రోజున మావాడిని ఎలా సముదాయించాలి?

మొదటి జవాబు (ఐలస్‌బరీ నుంచి, ఇప్పటికి రెండు కుక్కపిల్లలను పెంచి అప్పగించాను)

ముందుగా మీ భయం ఒకటి తీరుస్తాను. శబ్దాలను గుర్తించి చెప్పే అసలు చదువు ప్రధానంగా సంస్థ శిక్షకుల బాధ్యత. మనకు అప్పగించేది అంతకు ముందు మెట్టు: మనుషులన్నా, వాహనాలన్నా, జనసమ్మర్దమన్నా బెదరని, చెప్పిన మాట వినే, ఇంట్లో శుభ్రంగా మసలే కుక్కగా దాన్ని పెంచడం. వినడానికి ఇది చిన్న పనిలా ఉంటుంది కానీ ఆ పునాది లేకపోతే ఎంత గొప్ప శిక్షకుడూ ఏమీ చేయలేడు. తిండికీ, పశువైద్యుడికీ అయ్యే ఖర్చు సంస్థే భరిస్తుంది. మన పెట్టుబడి సమయమూ, ఓపికా.

కుక్కపిల్లకు మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం వరకు కొత్తదాన్ని భయం లేకుండా స్వీకరించే వయసు. చిక్కేమిటంటే, ఆ రోజుల్లో టీకాలు పూర్తికావు కనుక బయట నేల మీద నడిపించకూడదు. అందుకని ఎత్తుకుని తిప్పాలి. నేను మొదటి పిల్లను శాలువాలో చుట్టుకుని రోజూ పది నిమిషాలు రైల్వే స్టేషన్ బెంచీ మీద కూర్చునేదాన్ని. రైలుకు అది రెండు రోజుల్లోనే అలవాటు పడింది, కానీ ప్రయాణికుల సూట్‌కేసుల చక్రాల చప్పుడుకు అలవాటు పడడానికి మూడు వారాలు పట్టింది. ఏది దాన్ని బెదిరిస్తుందో మనం ఊహించలేము, చూసి తెలుసుకోవలసిందే.

కుక్కర్ విషయంలో మీకు ఇబ్బంది ఏమీ లేదు, పైగా అది మంచి పాఠం. మొదటి రోజుల్లో పిల్లను ఇంట్లో దూరంగా ఉన్న గదిలో, తలుపు వేసి ఉంచి, కూత వినబడగానే దానికి ఇష్టమైన తిండి చిన్న ముక్క పెట్టండి. తర్వాత తలుపు తీసి ఉంచండి, ఆ తర్వాత ఒక్కొక్క అడుగు దగ్గరకు రండి. అది తోక ముడిచినా, తిండి ముట్టకపోయినా మీరు తొందరపడ్డారని అర్థం. మళ్లీ వెనక్కు వెళ్లండి. ధైర్యం వస్తుందిలే అని బలవంతంగా పొయ్యి దగ్గరకు లాక్కెళ్లడం మాత్రం ఎన్నడూ చేయవద్దు. ఇక్కడ ఏటా నవంబరు 5 వ తేదీన కాల్చే బాణసంచా, మన దీపావళి ఇంచుమించు ఒకేసారి వస్తాయి కాబట్టి ఆ రాత్రులు పిల్లను ఇంట్లోనే, తెరలు వేసి, టీవీ చప్పుడు మధ్య ఉంచండి.

ఇంకొక సంగతి చాలామందికి తట్టదు. తలుపు గంటకు మొరిగే కుక్కను మనం తెలివైనదని మెచ్చుకుంటాము. కానీ మొరుగు వినబడని మనిషికి ఆ తెలివి దేనికి పనికివస్తుంది? వినికిడి సహాయక కుక్క ముక్కుతోనో, ముందు కాలితోనో యజమానిని తాకి చెప్పాలి. కాబట్టి మీ అబ్బాయి సరదాకు కూడా దాన్ని మొరిగించకూడదు. అలాగే ఇంట్లో అందరూ ఒక ఆజ్ఞకు ఒకే మాట వాడాలి. సోఫా దిగమనడానికి ఒకరు 'ఆఫ్' అనీ, ఒకరు 'డౌన్' అనీ, మీరు 'దిగవే' అనీ అంటే పాపం అదేం చేస్తుంది? 'డౌన్' అంటే పడుకోమని దానికి వేరే అర్థం ఉంది. ముద్దు చేసేటప్పుడు ఎంత తెలుగైనా మాట్లాడండి, ఆజ్ఞలు మాత్రం సంస్థ శిక్షణ తరగతిలో చెప్పినవే ఉండాలి, వాటికి తోడు చేతి సైగలు కూడా, ఎందుకంటే రేపటి యజమాని మాటతో కాక సైగతోనే ఆజ్ఞాపించేవారు కావచ్చు.

ఉల్లి, వెల్లుల్లి, ఎండుద్రాక్ష, చాక్లెట్ కుక్కలకు విషమని ఇంటికి వచ్చే బంధువులందరికీ ముందే చెప్పండి. మన పాయసంలోనూ, పులావులోనూ ఏవి ఉంటాయో మీకు తెలుసు.

రెండో జవాబు (లీడ్స్ నుంచి)

నాకు పుట్టుచెవుడు. ఆరేళ్లుగా ఇలాంటి సహాయక కుక్క ఒకటి, కాకర్ స్పానియల్ జాతిది, నాతో ఉంది. పై జవాబులో చెప్పిన పునాది విలువ ఏమిటో దాన్ని అందుకున్నవాడిగా చెబుతాను.

గంట మోగితే అది వచ్చి నా మోకాలిని తాకుతుంది. నేను రెండు అరచేతులు పైకి తిప్పి 'ఏమిటి' అన్నట్టు సైగ చేస్తాను, అప్పుడు నన్ను తలుపు దగ్గరకో, ఓవెన్ దగ్గరకో తీసుకువెళుతుంది. పొగ అలారం మోగినప్పుడు మాత్రం తాకి, ఎక్కడికీ తీసుకువెళ్లకుండా నేల మీద పడుకుంటుంది. అది ప్రమాద సూచన, మంటల వైపు నన్ను నడిపించకూడదు కదా. నా భార్యకు వినబడుతుంది. ఆమె వంటింట్లోంచి నన్ను పిలుచుకు రమ్మని దాన్ని పంపితే మేడ మీదికి వచ్చి నన్ను తాకి, ఆమె దగ్గరకు తీసుకువెళుతుంది. అది రాకముందు భోజనానికి పిలవాలంటే ఆమె మెట్లెక్కి రావలసి వచ్చేది, లేదా దీపం ఆర్పి వెలిగించేది.

దీపం మెరిసే తలుపు గంటలు, దిండు కింద కంపించే అలారాలు నాకూ ఉండేవి, అవి పనికిరావని అనను. కానీ చెవుడు కంటికి కనబడేది కాదు. వీధిలో పలకరిస్తే పలకని నన్ను పొగరుబోతు అనుకున్నవారు చాలామంది ఉన్నారు. ఇప్పుడు దాని మెరూన్ కోటు చూసి మనుషులు నా ముందుకు వచ్చి, నా ముఖం చూసి మాట్లాడుతున్నారు. దుకాణంలో, రైలులో అది నా కాళ్ల దగ్గర గంటసేపు కదలకుండా పడుకుంటుందంటే, ఎవరో ఒకరు ఏడాదిపాటు వానలో, చలిలో దాన్ని తిప్పారు కాబట్టే.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. మొరగడం గురించి నేను ఎన్నడూ ఆలోచించలేదు. శిక్షణలో ఉన్న పిల్లను దుకాణాల్లోకి తీసుకువెళ్లే హక్కు మాకు ఉంటుందా? అత్తగారి సంగతి కూడా ఎవరైనా చెబితే మేలు.

మొదటి జవాబు ఇచ్చినవారు

ఇక్కడి 2010 నాటి ఈక్వాలిటీ (సమానత్వ) చట్టం రక్షణ ఇచ్చేది వైకల్యం ఉన్న వ్యక్తికీ, అతనికి తోడున్న శిక్షణ పొందిన కుక్కకూ. మన దగ్గర ఉండే పిల్లకు ఆ హక్కు లేదు, దుకాణదారు మర్యాదే మనకు ఆధారం. చాలామంది సంతోషంగా రానిస్తారు. ఒక చోట మమ్మల్ని కాస్త కఠినంగానే బయటకు పంపారు, వాదించకుండా వచ్చేశాను. అడిగి వెళ్లడమే మంచిది, పిల్ల అలసి ఉన్న రోజున అసలు వెళ్లకపోవడం ఇంకా మంచిది.

అత్తగారి విషయంలో, పసిపిల్లల కోసం గుమ్మానికి బిగించే చిన్న గేటు వంటింటికీ, పూజగదికీ పెట్టుకుంటే ఆచారానికి భంగం ఉండదు. ఆచారం వేరు, భయం వేరు. ఆవిడకు కుక్కంటే భయమైతే మాత్రం ఆ ఆరు నెలలు గడిచాకే దరఖాస్తు చేయండి. భయపడే మనిషి ఉన్న ఇంట్లో పిల్లకు మనుషుల మీద నమ్మకం కుదరడం కష్టం.

అప్పగింత గురించి నేను తేలికగా చెప్పలేను. మొదటి పిల్ల వెళ్లిన రోజు నేను కారులోనే కూర్చుని ఏడ్చాను. మీ అబ్బాయికి అది మనది కాదని, పెంచి పంపడానికి వచ్చిందని మొదటి రోజునే చెప్పండి. ప్రతి పిల్లా చివరి దాకా గట్టెక్కదని కూడా చెప్పండి, అలాంటివి పెంపుడు కుక్కలుగా మంచి ఇళ్లకు వెళతాయి. నాకు మాత్రం కొన్ని నెలల తర్వాత ఒక ఫొటో వచ్చింది: ఒక పెద్దాయన కుర్చీలో కునుకు తీస్తున్నారు, మా పిల్ల ఆయన పాదాల మీద గడ్డం ఆనించి, చెవులు మాత్రం నిక్కించి పడుకుని ఉంది.

ప్రశ్న అడిగినవారు

ఈ రాత్రికి మా అత్తగారికి ఫోన్ చేసి, ఆచారమా భయమా అని అడిగి, ఆ తర్వాతే దరఖాస్తు సంగతి చూస్తాను.