సమోవా మహిళా కోటా లెక్క యాడ చిక్కుబడింది?

ప్రశ్న (అనంతపురం): గ్రూప్స్ నోట్సుకు కావాల. 2021లో ఫియామే నయోమీ మటాఫా పసిఫిక్ ద్వీపదేశం సమోవాకు తొలి మహిళా ప్రధాని అయ్యేదానికి మహిళా కోటానే అడ్డమొచ్చిందంట. అదెట్ల?

జవాబు: మన సర్పంచ్ రిజర్వేషన్ మాదిరి అనుకుంటే తికమకే అన్నా. మనకు సీటునే మహిళలకు కేటాయిస్తారు. అక్కడ ముందుగా ఏదీ కేటాయించరు. సభలో 10 శాతం మహిళలు గెలవకుంటే, ఓడినవాళ్లలో ఎక్కువ శాతం ఓట్లొచ్చినామెకు అదనపు సీటిస్తారు. అంటే సభే పెరుగుతుంది. మెలిక ఆడే ఉంది.

మొత్తం 51 సీట్లు, 10 శాతమంటే 5.1. గెలిచింది ఐదుగురు. ఐదు చాలా, ఆరు కావాలా? ఫియామే పార్టీ ఫాస్ట్‌కు స్వతంత్రుడితో కలిపి 26, అప్పటిదాకా ఏలిన హెచ్‌ఆర్‌పీపీ పార్టీకి 25. ఆరో మహిళగా చేర్చినామె హెచ్‌ఆర్‌పీపీ మనిషి. ఇంకేముంది, 26–26!

జవాబు: మే 17న సుప్రీంకోర్టు ఆ నియామకం కొట్టేసింది. మే 24న సభకు తాళమేసి ఉంటే ఫియామే వాళ్లు బయట టెంటు కింద ప్రమాణం చేసినారు. జూలై 23న అప్పీలు కోర్టు ఆ ప్రమాణం చెల్లుతుందనింది. అయితే 'ఐదు చాలు' అని రాసుకోవద్దు. కనీసం ఆరుగురే, కానీ ఉపఎన్నికలు ముగిసినాకే నింపాలని అప్పీలు కోర్టు తేల్చింది.

జవాబు: కోటా సరే, పోటీ చేయాలంటే ముందు మటాయ్ బిరుదు, అంటే కుటుంబ పెద్దరికం ఉండాల. ఎక్కువమంది ఆడోళ్లు ఆగిపోయేది ఆ గడప దగ్గరే. ఇంకోటి, 'ప్రపంచంలో తొలి మహిళా ప్రధాని' అని అడిగితే సిరిమావో బండారనాయకే, శ్రీలంక, 1960. కలిపేసుకోవద్దండి.