బెర్గెన్ ఇళ్లు: ‘డి ఆర్క్’ ఒక్కటి కాపాడితే చాలదా?

పడవ మనిషి:
నెదర్లాండ్స్‌లో ఆల్క్‌మార్ దగ్గర బెర్గెన్ అనే ఊళ్లో పార్క్ మీర్‌వైక్ అనే విల్లాల కాలనీ ఉంది. 1915–1918 మధ్య హైస్టే అనే టైల్స్ వ్యాపారి ఆ ఇళ్లు కట్టించాడు. (టైల్స్ అమ్మేవాడి ఇళ్లకు రెల్లు కప్పులు! సరే, పోనివ్వండి.) వాటిలో స్టాల్ అనే ఆర్కిటెక్టు గీసిన ‘డి ఆర్క్’ ఒడ్డుకెక్కిన ఓడలా ఉంటుంది. ఎక్స్‌ప్రెషనిజం (అంటే తిన్నటి గోడల బదులు ఊహకు తగ్గ వింత ఆకారాల్లో కట్టే శైలి) చూపించడానికి అదొక్కటి చాలు. పక్కిళ్లకు కూడా జాతీయ రక్షిత కట్టడం హోదా దేనికి? పాపం, ఇంటాయన కిటికీ మార్చాలన్నా పర్మిషన్ టెన్షనే.

ఇటుక పిచ్చి:
పెళ్లి ఫొటోలో పెళ్లికొడుకుని మాత్రం కత్తిరించి దాచుకున్నట్టుంది మీ మాట. అసలు అక్కడి ప్రయోగమే ఐదుగురు ఆర్కిటెక్టులది: స్టాల్, క్రొప్‌హోలర్, క్రామర్, బ్లావ్, లా క్రోయ్. పెత్తనం స్టాల్‌దే అయినా ఎవరి ఊహ వాళ్లది. ఒక్క ఇల్లు చూస్తే వింతగా ఉందనుకుని వెళ్లిపోతాం. వరసగా చూస్తేనే ఒకరితో ఒకరు పోటీపడ్డారని తెలుస్తుంది.

ఇంకో సంగతి. మార్గరెట్ క్రొప్‌హోలర్ ఆ దేశంలో ఆర్కిటెక్టుగా పనిచేసిన మొదటి మహిళ. 1891లో పుట్టింది, అప్పటికి ముప్పై కూడా నిండలేదు. అక్కడ ఆమెవి మూడు ఇళ్లు. ఒకదాని పేరు ‘మేజెన్‌నెస్ట్’, అంటే పిట్టగూడు. తర్వాత ఆమె స్టాల్‌నే పెళ్లాడింది. మీ లెక్కన భర్త ఇల్లు ఉంటుంది, భార్యవి పోతాయి!

కాలవ గట్టు:
మీరిద్దరూ విల్లాల గొడవలో పడ్డారు. ఆ రోజుల్లో ఆమ్‌స్టర్‌డామ్ కార్మికులకు సరైన ఇల్లే దొరికేది కాదు. ఆ బెర్గెన్ ఇళ్ల ధోరణిలోనే డి క్లెర్క్ అనే ఆర్కిటెక్టు వాళ్ల కోసం ‘హెట్ స్ఖిప్’ అనే ఇళ్ల సముదాయం కట్టాడు. ఆ పేరుకి ఓడ అనే అర్థం. ఇప్పుడందులో మ్యూజియం ఉంది, ఎవరైనా టికెట్ కొని లోపలికి పోవచ్చు. బెర్గెన్‌లో రోడ్డు మీంచి పొదల సందుల్లో తొంగిచూడాలి. నేనూ అలాగే చూసొచ్చాను.

ఇటుక పిచ్చి:
రెండూ వేరు కథలు కావు కదా గట్టు గారూ. బెర్గెన్‌లో పనిచేసిన క్రామరే తర్వాత డి క్లెర్క్‌తో కలిసి ఆమ్‌స్టర్‌డామ్‌లో ‘డి డాఖెరాడ్’ కార్మికుల ఇళ్లు గీశాడు. ఆ వంపు గోడలు చూశారా? డబ్బున్నవాళ్ల తోటలో ఆడిన చెయ్యే అది.

పడవ మనిషి:
క్రొప్‌హోలర్ సంగతి నాకు తెలీదు, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ రెల్లు కప్పు ఊరికే రాదు, నిప్పు భయం ఒకటి. ఆ గుంపులో కొన్ని ఇళ్లు ఇదివరకే కాలిపోయాయి. అక్కడ కూడా అచ్చం పాతవాటిలాగే కట్టమంటారా?

ఇటుక పిచ్చి:
నకలు కట్టమని నేననను, ఉన్నవాటిని వదలొద్దంటున్నాను. ఖర్చంటారా, ఇలాంటి ఇళ్ల మరమ్మతులో కొంత అక్కడి ప్రభుత్వం భరిస్తుంది. మిగతాది యజమానిదే, అందులో మీతో వాదం లేదు.

కాలవ గట్టు:
ప్రభుత్వం డబ్బు అంటున్నారు కాబట్టి, ఏడాదికి ఒక్క రోజైనా తలుపు తీయమనండి. అప్పుడు మిగిలిన ఇళ్లన్నిటికీ నా ఓటు.