'మావ నాటే మావ రాజ్': 'మా' అనాలా, 'మన' అనాలా?

ప్రశ్న: ఆదిలాబాద్ గోండుల నినాదం 'మావ నాటే మావ రాజ్'ని పేపర్లలో 'మా ఊళ్లో మా రాజ్యం' అని రాస్తున్నారు. 'మా' అనేసరికి తక్కినవాళ్లను బయటికి నెట్టినట్టుంది, జాతివాదంలా వినిపిస్తోంది. 'మన ఊళ్లో మన రాజ్యం' అంటే సరిపోదా?

జవాబు: సరిపోదండి. 'మన' అంటే ఎదురుగా నిలబడి వింటున్న ఫారెస్టు ఆఫీసరూ, భూమి రాయించుకోవడానికొచ్చిన షావుకారూ అందులో కలిసిపోతారు. ఆ మాట అనేదే వాళ్లతో.

నన్నడిగితే అసలు చూడాల్సింది 'నాటే'. గోండీలో 'నార్' అంటే ఊరు, 'నాటే' అంటే ఊళ్లో. మన పలనాడు, వెలనాడుల్లోని 'నాడు'కి చుట్టమే. మనకది సీమ, వాళ్లకది ఊరు. ఊరి అడవి, చెరువు, భూమి, తగవు ఊరివాళ్ల చేతిలో ఉండాలన్నంత వరకే ఆ నినాదం అడుగుతోంది. దీన్ని వేర్పాటు అనడం అన్యాయం.

గిరిజన ప్రాంతాల్లో గ్రామసభలకు అధికారాలిచ్చే 1996 నాటి పెసా చట్టం కూడా ఊరినే పట్టుకుంది. తమ ఆచారాల ప్రకారం తమ వ్యవహారాలు చూసుకునే గూడెం ఏదైనా ఆ చట్టం దృష్టిలో గ్రామమే. ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతివారూ గ్రామసభ సభ్యులే. అక్కడ కాపురముండి ఓటున్న గిరిజనేతరుడూ వచ్చి కూర్చోవచ్చు, మాట్లాడొచ్చు. సర్పంచ్ పదవి మాత్రం ఎస్టీలకే. భూమి దగ్గర ఇంకా గట్టి కట్టడి ఉంది: 1/70 (1970 నాటి భూబదిలీ నియంత్రణ చట్టం) ప్రకారం ఏజెన్సీలో ఒక గిరిజనేతరుడు తన భూమిని ఇంకో గిరిజనేతరుడికి కూడా అమ్మకూడదు. చేజారిపోయిన భూములు చూశాక పెట్టిన నియమం అది.

ప్రశ్న: మరి లంబాడాల సంగతి?

జవాబు: అది నిజంగా కష్టమైన ప్రశ్న. తెలంగాణలో లంబాడాలు ఎస్టీ జాబితాలో చేరింది 1976 చట్టంతో. వాళ్లను తీసేయాలని 2017లో ఉమ్మడి ఆదిలాబాద్ ఆదివాసులు పెద్దఎత్తున ఆందోళన చేశారు. అక్కడ 'మా' ఊరిని దాటి తెగ దాకా వెళ్లింది. కొలువులు, సీట్లు జాబితాను బట్టే వస్తాయి కనుక పేచీ కూడా జాబితా మీదే. దాన్ని చూపించి గ్రామసభనే అనుమానిస్తే, భూసేకరణకు ముందు ఊరినో పంచాయతీనో సంప్రదించాలన్న నియమం కూడా కొట్టుకుపోతుంది. ఇప్పటికే చాలాచోట్ల అది కాగితం మీదే ఉంది.

అనువాదంలో మార్చదలిస్తే 'రాజ్యం' మార్చండి. వేరే దేశమన్న అనుమానం రేపేది ఆ మాటే. 'మా ఊళ్లో మా పాలన' అంటే చాలు.