సమస్య: “తన్ను తాను మింగి తాను పెరిగె”

నిర్వాహకుడు: పూరించడానికి ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను. విషయం ఏకీకరణం, అంటే యూనిఫికేషన్: రెండు పదాల్లోని (ఎఫ్(ఎక్స్) లాంటి తర్క రూపాల్లోని) చరరాశులకు ఏమిస్తే రెండూ అక్షరం పొల్లుపోకుండా ఒకటవుతాయో కనిపెట్టడం. 1965లో రాబిన్సన్ యాంత్రిక నిరూపణ సూత్రమైన రిజల్యూషన్‌తో పాటు ఇచ్చిన పద్ధతే ప్రమాణం. పాముల పూరణలు వద్దు.

తర్కబాల:
చరముచోటులోన చరమున్న పదముంచ
నాగదు పని, మరల నదియె వచ్చు;
ఎఫ్ఫులోన నెఫ్ఫు, యెఫ్ఫులో మరి యెఫ్ఫు
తన్ను తాను మింగి తాను పెరిగె

నిర్వాహకుడు: మీ పూరణ బాగున్నది. ఎక్స్ = ఎఫ్(ఎక్స్) అచ్చంగా పద్యమైంది. “ఆగదు పని” దగ్గరే పేచీ. ఆకర్స్ చెక్ (చరరాశికి కట్టబోయే పదంలో అదే చరరాశి ఉందేమో చూసే పరీక్ష) ఉంటే మొదటి అడుగులోనే “కుదరదు” అని ఆగుతుంది. చెక్ వాడని తర్క ప్రోగ్రామింగ్ భాష ప్రోలాగ్‌లోనూ ముడి క్షణంలో పడుతుంది. ఆ పదాన్ని అచ్చు వేయబోతేనే అంతు దొరకదు. ఎస్‌డబ్ల్యుఐ ప్రోలాగ్ అనే అమలు మాత్రం దాన్ని తనలోకే తిరిగొచ్చే చక్రీయ పదంగా పట్టుకుంటుంది.

తర్కబాల: చెక్ ఎందుకు వదిలేస్తారండీ?

నిర్వాహకుడు: ఖర్చు. చరరాశికి విలువ కట్టిన ప్రతిసారీ అవతలి పదమంతా వెతకాలి. వదిలేస్తే ఏమవుతుందో చూడండి. “ప్రతివారికీ తల్లి ఉంది” నుంచి “అందరికీ తల్లి ఒక్కరే” నిరూపించబోదాం. స్కోలెమ్ రూపంలో (“ఉంది” అన్నదానికి ప్రమేయంతో పేరు పెట్టి) ఒకవైపు తల్లి(ఎక్స్, త(ఎక్స్)); నిషేధించిన లక్ష్యంలో (నిరూపించాల్సినది కాదనుకుంటే) తల్లి(క(వై), వై). మొదటి స్థానం సరిచేస్తే ఎక్స్ ← క(వై). రెండోది ఇప్పుడు త(క(వై)) = వై. వై కడుపులో వై! ఇక్కడ ఆపకపోతే అబద్ధానికి నిరూపణ చేతికొస్తుంది. ఐఎస్ఓ ప్రోలాగ్‌లో ఇందుకే యూనిఫై_విత్_ఆకర్స్_చెక్ విడిగా ఉంది.

కొమ్మచిగురు:
ఒకటి రెండు గాగ, నొగి రెండు నాల్గాయె
పదవ మెట్టుకాడ వేయి బరువు;
కొమ్మ నకలు తీసి కూర్చిన పదమిట్లు
తన్ను తాను మింగి తాను పెరిగె

నిర్వాహకుడు: రెండో పాదంలో యతిభంగం. ప-వలకు హల్లు మైత్రి ఉన్నా అకారానికి ఏకారం పొసగదు. “బరువు వేయి” అని తిప్పండి, గణాలూ చెడవు. లెక్క సరే: ఎక్స్1 = ఎఫ్(ఎక్స్0, ఎక్స్0), ఎక్స్2 = ఎఫ్(ఎక్స్1, ఎక్స్1)... ఇలా పదో మెట్టుకు 1024 ఆకులు (ఎక్స్0లు). నకలు తీయకుండా ఒకే కొమ్మను రెండు చోట్లా పంచుకుంటే ఎఫ్‌లు పదే. కానీ సమస్య తీరలేదు: ఇక్కడ ప్రతి చరరాశీ మింగింది తన ముందుదాన్ని, తన్ను కాదు.

కొమ్మచిగురు: ఒప్పుకున్నాను. యతి సవరిస్తాను, భావం మీద మళ్లీ కూర్చుంటాను.

ముడివిప్పు:
వేరు వాక్యమందు వెలసిన యెక్సును
పేరు మార్చకుండ పెనచి కట్ట
ముడియె లేనిచోట ముడిపడె, నొక యెక్సు
తన్ను తాను మింగి తాను పెరిగె

నిర్వాహకుడు: ఇవాళ్టికి ఇదే మేలు. ఒక వాక్యంలో పి(ఎక్స్), ఇంకోదానిలో పి(ఎఫ్(ఎక్స్)) ఉంటే ఆ ఎక్సులకు చుట్టరికం లేదు. పేరు మార్చకపోతే ఆకర్స్ చెక్ అడ్డుపడి, దొరకాల్సిన నిరూపణ దొరకదు. ఒకదాన్ని ఎక్స్1 చేస్తే ఎక్స్1 ← ఎఫ్(ఎక్స్), అంతే. సమస్యలోని అసంభవాన్ని భ్రమగా తేల్చారు.

ఒక సవరణ: మొదటి మాట “వేఱు”, బండి ఱ. సాధురేఫతో, అంటే మామూలు ర తో, రాస్తే చెట్టు వేరు. ఛాందసమని నవ్వకండి, రెండింటికి ఒకే పేరుంటే ఏమవుతుందో మీ పద్యమే చెబుతోంది!