కరాటే క్లాసులో 9వ తరగతి పిల్లాడు నన్ను "నువ్వు" అంటున్నాడు, ఓకేనా?

నిజాంపేట్_వైట్‌బెల్ట్:
అందరికీ నమస్తే, ఒకటి అడగాలి, నవ్వకండి. నాకు 41. మావాణ్ణి కరాటేలో జాయిన్ చేసి రోజూ గంటసేపు పార్కు బెంచీ మీద ఫోన్ చూసుకుంటూ కూర్చోలేక నేనూ చేరిపోయా, 3 నెలలైంది. మాస్టర్ గారితో ఏ ఇబ్బందీ లేదు. వార్మప్ మాత్రం ఒక బ్రౌన్ బెల్ట్ (అంటే బ్లాక్ బెల్ట్‌కి కింద మెట్టు) కుర్రాడు చేయిస్తాడు, తొమ్మిదో క్లాసు. మొన్న 5 నిమిషాలు లేటైంది, అందరి ముందూ "లేటయ్యావ్, 20 పుషప్స్ కొట్టి లైన్లోకి రా" అన్నాడు. కొట్టా, 12 దగ్గరే చేతులు పడిపోయాయి అది వేరే సంగతి. కానీ ఆ "అయ్యావ్" దగ్గర ఎక్కడో కలుక్కుమంది, పైగా మావాడు పక్కనే నిలబడి చూస్తున్నాడు. బెల్ట్ పెద్దదైతే వయసు లెక్కలోకి రాదా?

కటా_పిచ్చోడు:
అన్నా ఏమనుకోకు, చెప్పులతో పాటు వయసు కూడా బయటే విడిచి రావాలి. లైన్లో నిలబడేది బెల్ట్ ప్రకారం, ఆధార్ కార్డు ప్రకారం కాదు. వాడు ఆరేళ్లు చెమటోడ్చి తెచ్చుకున్న బెల్ట్ అది.

ఇద్దరు_పిల్లల_అమ్మ:
ఆరేళ్ల చెమటో ఆరుసార్లు కట్టిన గ్రేడింగ్ (బెల్ట్ పరీక్ష) ఫీజో ఎవరికి తెలుసండీ. మా అమ్మాయి క్లాసులోనూ ఇలాంటి బుల్లి మాస్టర్లు ఇద్దరున్నారు, చిన్నపిల్లల చేత వాటర్ బాటిళ్లు మోయిస్తారు. తండ్రి వయసు మనిషిని "రా, పో" అనడం నేర్పితే అది మర్యాద ఎలా అవుతుంది?

పాత_నల్లబెల్టు:
30 ఏళ్లుగా నేర్పుతున్నా కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తా, ఓపిక పట్టండి. ఆ కుర్రాడిలాంటి పై బెల్టువాణ్ణి జపనీస్‌లో సెన్‌పాయ్ అంటాం, అంటే మనకంటే ముందొచ్చినవాడు, అంతే, బాస్ అని కాదు. వెనకొచ్చినవాడికి బెల్ట్ కట్టుకోవడం దగ్గర్నుంచి చూపించడం వాడి పని. అసలు కరాటే పుట్టిన ఒకినావా దీవిలో దానికి ఈ బెల్టులే లేవు, అక్కడి మాస్టర్ ఫునకోషి టోక్యో వచ్చాక జూడో నుంచి తీసుకుని 1924లో మొదటిసారి బ్లాక్ బెల్టులు ఇచ్చాడు. ఆయన రాసిన 20 సూత్రాల్లో మొదటిది, కరాటే వందనంతో మొదలై వందనంతో ముగుస్తుందని. క్లాసు చివర "ఒతగాయ్ ని రేయ్" అంటాం కదా, దానర్థం ఒకరికొకరు వందనం అని. కింద బెల్టు వంగితే పై బెల్టు కూడా వంగాలి. ఇంకోటి, లేటుగా వచ్చినవాడు ఒక పక్కన మోకాళ్ల మీద కూర్చుని మాస్టర్ సైగ చేసేదాకా ఆగుతాడు, నేను నేర్చుకున్న పద్ధతి అది. పనిష్మెంట్ ఇవ్వాలంటే మాస్టర్ ఇవ్వాలి, తొమ్మిదో క్లాసు వాడికి ఆ పని అప్పజెప్పిన మాస్టర్‌ది తప్పు, పిల్లాడిది కాదు.

కటా_పిచ్చోడు:
సార్ మీరన్నది కరెక్టే కానీ పెద్దాళ్లకి ఒక రూలు పిల్లలకి ఒక రూలు పెడితే క్లాసు నడుస్తుందా? ఇవాళ "మీరు" అంటారు, రేపు పుషప్స్ వద్దంటారు, ఎల్లుండి అంకుల్స్‌కి కుర్చీ వేయాలి 😄

ఇద్దరు_పిల్లల_అమ్మ:
కుర్చీ ఎవరడిగారు బాబూ. "మీరు 20 కొట్టండి" అన్నా పుషప్స్ 20యే కదా.

గుంటూరు_మావాషి:
మీరంతా నువ్వు-మీరు దగ్గరే ఆగిపోయారు. నాకైతే మర్యాద ఎక్కడ తెలుస్తుందంటే ఫైట్‌లో. టోక్యో ఒలింపిక్స్‌లో 75 కేజీల పైన ఫైనల్ చూశారా, 2021 ఆగస్టులో? సౌదీ అతను 4-1 లీడింగ్‌లో ఉండి మెడ దగ్గర కిక్ కొట్టాడు, ఇరాన్ అతను పడిపోయాడు, కంట్రోల్ లేదని కొట్టినవాణ్ణి డిస్‌క్వాలిఫై చేసి పడినవాడికి గోల్డ్ ఇచ్చారు. అన్యాయమని ఇప్పటికీ కొట్టుకుంటుంటారు, నేను మాత్రం కరెక్టే అంటా. అన్నా, ఆ పిల్లాడు మీతో ప్రాక్టీస్ చేసేటప్పుడు పంచ్ ఎక్కడ ఆపుతున్నాడో చెప్పండి ముందు.

నిజాంపేట్_వైట్‌బెల్ట్:
మంచి ప్రశ్న గురూ. మూతికి రెండంగుళాల ముందు ఆపేస్తాడు, ప్రతిసారీ. నేనే ఒకసారి తడబడి వాడి పెదవి మీద తగిలించా, రక్తం రాలేదు గానీ వాచింది, వాడు ఏమీ అనకుండా వంగి మళ్లీ స్టాన్స్‌లో నిలబడ్డాడు.

నిన్న ఇంకోటి జరిగింది. కటా (వరసగా చేసే కదలికలు) మధ్యలో నా బెల్ట్ ఊడింది, అక్కడే కట్టుకోబోతుంటే వాడొచ్చి "అటు తిరిగి కట్టుకో, మాస్టర్ వైపు చూస్తూ కట్టకూడదు" అన్నాడు, నా ముడి చూసి తనే విప్పి రెండు కొసలూ సమానంగా వచ్చేలా మళ్లీ కట్టాడు. "కట్టుకో" అనే అన్నాడు, "కట్టుకోండి" కాదు. క్లాసయ్యాక పార్కింగ్‌లో హెల్మెట్ పెట్టుకుంటుంటే పరిగెత్తుకుంటూ వచ్చి "అంకుల్, మీరు జేఎన్‌టీయూ వైపే కదండీ, మెట్రో దగ్గర దింపేస్తారా ప్లీజ్" అన్నాడు. మావాణ్ణి ముందు కూర్చోబెట్టుకుని వాణ్ణి వెనకాల ఎక్కించుకున్నా.

ఇద్దరు_పిల్లల_అమ్మ:
బండి మీద ముగ్గురా, వాళ్లిద్దరికీ హెల్మెట్లు ఉన్నాయా అసలు?

కటా_పిచ్చోడు:
20 పుషప్స్ అన్నా 😂