అర్హత లేనివాళ్ళ మీద దయ చూపించడం మంచితనమా, చేతగానితనమా?

చిరుజల్లు:
అందరికీ హాయ్, ఒక డౌట్ ఎప్పట్నుంచో బుర్ర తినేస్తోంది. దేవుడి కృప అంటే మనకి అర్హత లేకపోయినా దొరికేది అంటారు కదా, మరి మనుషుల మధ్య దయ కూడా అలాగే ఉండాలా? మా ఆఫీసులో ఒకావిడ ఉన్నారు, పలకరిస్తే మొహం చిట్లిస్తారు, హెల్ప్ చేస్తే థాంక్స్ అన్న మాటే ఉండదు, అయినా నా పక్క సీటతను రోజూ ఆవిడకి గుడ్ మార్నింగ్ చెప్తాడు, ఆవిడ లీవ్ పెడితే ఆ పని కూడా తనే చేసేస్తాడు. చూస్తుంటే నాకే ఒళ్ళు మండుతుంది. మీరేమంటారు?

పాతకళ్ళజోడు:
దీనిమీద శ్రీవైష్ణవుల్లో వడగలై, తెంగలై అనే రెండు శాఖల మధ్య పాత వాదమే ఉందండి. కోతిపిల్ల తల్లిని గట్టిగా పట్టుకున్నట్టు మనవైపు నుంచి కూడా కొంత ప్రయత్నం ఉండాలని వడగలై వాళ్ళు అంటారు, అది మర్కట కిశోర న్యాయం. తెంగలై వాళ్ళదేమో మార్జాల కిశోర న్యాయం, అంటే పిల్లికూన ఏం చెయ్యక్కర్లేదు, తల్లే నోట కరుచుకుని తీసుకెళ్తుంది. నిర్హేతుక కృప, అంటే ఏ కారణమూ చూడకుండా చూపే దయ, అనేది ఇదే. మీ పక్క సీటతను పిల్లి పార్టీ అన్నమాట :) కానీ మనిషి దేవుడు కాదు కదా, ఓపికకి హద్దుంటుంది. పలకరింపు వేరు, ఆవిడ పనంతా నెత్తినేసుకోవడం వేరు, రెండూ కలిపేయకండి.

నైట్‌డ్యూటీ:
నేను హాస్పిటల్లో చేస్తాను, అర్హతల లెక్కలు నాకు తెలీవు గానీ మొన్నామధ్య స్కానింగ్ రూమ్ బయట ఒక పెద్దాయన స్ట్రెచర్ మీద ఉన్నాడు, సెలైన్ స్టాండ్ దొరకలేదు, వేరే పేషెంట్ తాలూకు ఒకామె లేచొచ్చి బాటిల్ పైకెత్తి పట్టుకుంది, ఒక చెయ్యి లాగేస్తే ఇంకో చేతికి మార్చుకుంటోంది, ఆయనేమో ఆమె మీదే కసురుకుంటున్నాడు, సరిగ్గా పట్టుకో ట్యూబులోకి రక్తం వెనక్కొస్తోంది అని. ఆమె "సరే బాబాయ్" అని ఇంకాస్త పైకెత్తింది అంతే. స్టాండ్ తెచ్చేదాకా అలాగే నిలబడింది. ఆమెని చేతగానిది అనడానికి నాకైతే నోరు రాదు.

సందేహాలపుట్ట:
నన్నడిగితే గుణం కంటే టైమ్ ఎక్కువ పనిచేస్తుంది. డార్లీ, బాట్సన్ అనే సైకాలజిస్టులు అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో పాస్టర్లు కావడానికి చదువుకునే స్టూడెంట్స్‌ని ప్రసంగం చెప్పమని పక్క బిల్డింగుకి పంపారు, దారిలో ఒకడు కూలబడి మూలుగుతూ ఉంటాడు, అది ఏర్పాటు చేసిందే. తొందరేం లేదని చెప్పి పంపినవాళ్ళలో 63 శాతం మంది ఏదో ఒక సాయం చేశారు, లేటైపోయింది పరిగెత్తండి అని చెప్పి పంపినవాళ్ళలో 10 శాతమే. ఇది 1973లో పబ్లిష్ అయింది. కామెడీ ఏంటంటే వాళ్ళలో కొందరికిచ్చిన టాపిక్ బైబిల్లో దెబ్బలు తిని దారిపక్కన పడున్నవాణ్ణి ఆదుకున్న సమరయుడి కథే! టాపిక్ వల్ల చెప్పుకోదగ్గ తేడా కూడా రాలేదట. కాబట్టి మీ పక్క సీటతను ఆఫీసుకి తాపీగా వచ్చే రకమేమో చూడండి.

చిరుజల్లు:
హహ, నిజంగానే అందరికంటే ముందొస్తాడు. ఆవిడ లీవుల సంగతి మాత్రం పాతకళ్ళజోడు గారు చెప్పిందే కరెక్ట్, అది మేనేజర్ చూసుకోవాల్సిన పని, అతనితో అదే చెప్తా. సెలైన్ బాటిల్ దగ్గర మాత్రం నా దగ్గర సమాధానం లేదు, నేనైతే రెండో కసురుకే వదిలేసి వెళ్ళిపోయేదాన్ని. ఇక అతను లేటుగా వచ్చిన రోజు గుడ్ మార్నింగ్ చెప్తాడా లేదా అన్నది కనిపెట్టి ఇక్కడే పోస్ట్ చేస్తా :)