ఇంధనాలను, ఇంజన్ ఆయిళ్లను పోల్చడానికి టెస్ట్ రిగ్ ఎలా కట్టుకోవాలి?

ప్రశ్న: రాజాం పంపుసెట్లు

రాజాంలో మాకు పంపుసెట్లు, చిన్న జనరేటర్లు బాగుచేసే వర్క్‌షాప్ ఉంది. రైతులూ, కళింగపట్నం వైపు నుంచి వచ్చే మోటారు బోట్ల వారూ మమ్మల్ని తరచుగా రెండు విషయాలు అడుగుతుంటారు. ఫలానా ఇంజన్ ఆయిల్ పోస్తే డీజిల్ మిగులుతుందన్న మాట నిజమేనా అన్నది మొదటిది, కానుగ నూనెతో చేసిన బయోడీజిల్‌ను కలిపి వాడవచ్చా అన్నది రెండోది. డబ్బా మీద అచ్చువేసిన మాటలనే వారికి తిరిగి చెప్పడం కంటే, మేమే కొలిచి చెప్పగలిగితే గౌరవంగా ఉంటుందని అనిపించి ఒక టెస్ట్ రిగ్ (పరీక్షల కోసం ఇంజన్‌ను, కొలతల సామగ్రిని బిగించి ఉంచే అమరిక) కట్టాలనుకుంటున్నాము.

నీళ్ళతో చల్లబడే 5 హార్స్‌పవర్ సింగిల్ సిలిండర్ డీజిల్ ఇంజన్ మా వద్ద ఉంది. బోర్ 80 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 110 మిల్లీమీటర్లు, వేగం 1500 ఆర్‌పీఎం. లైనర్, పిస్టన్, రింగులు కొత్తవి వేసి, కాంక్రీటు దిమ్మ మీద బిగించాము. ఫ్లైవీల్ మీద తాడు బ్రేకు, స్ప్రింగ్ త్రాసు పెట్టి లోడు ఇవ్వాలని, 20 సీసీల బ్యూరెట్ (గీతలున్న కొలత గాజు గొట్టం) ఖాళీ కావడానికి పట్టే సమయాన్ని బట్టి ఇంధనం లెక్కగట్టాలని, ఒక్కో ఆయిల్‌తో పది గంటలు నడిపి రింగుల బరువు ముందూ వెనుకా తూచి అరుగుదల తేల్చాలని ప్రస్తుతానికి మా ఆలోచన. ఈ పద్ధతిలో వచ్చే అంకెలను నమ్మవచ్చా? ఖర్చు పెద్దగా పెరగకుండా ఏమి మార్చుకోవాలి?

జవాబు: ల్యాబ్ మాష్టారు

నమస్కారం. ఇంజనీరింగ్ కళాశాల ల్యాబ్‌లో ఇలాంటి ఇంజన్ల మధ్యనే ఉద్యోగం చేసి విరమించినవాడిని కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

ఇంజన్ అసలు సామర్థ్యం ఎంతో తేల్చడం ఒక పని, రెండు ఇంధనాల మధ్య తేడా ఎంతో తేల్చడం మరో పని. మీకు కావలసింది రెండోది. కొట్టులో తూకపు రాయి కాస్త తక్కువ బరువున్నా, రెండు బస్తాల్లో ఏది ఎక్కువ తూగుతుందో అది సరిగానే చెబుతుంది. అందువల్ల ఖరీదైన మీటర్ల కోసం చూడవద్దు, ఈ రోజు వచ్చిన అంకె అదే ఇంధనంతో రేపు కూడా వస్తుందా అన్నదే చూడండి. తాడు బ్రేకు సరిగ్గా ఇక్కడే దెబ్బ తీస్తుంది. తాడు వేడెక్కేకొద్దీ పట్టు మారుతుంది, త్రాసు ముల్లు నిలవదు, ఎవరో ఒకరు పక్కన నిలబడి నీళ్ళు చల్లుతూ ఉండాలి. విద్యార్థులకు సూత్రం నేర్పడానికి అది మంచిదే గాని, ఒకటి రెండు శాతం తేడాలను పట్టడానికి పనికిరాదు.

దాని బదులు మీ వద్ద మరమ్మతుకు వచ్చే రకం చిన్న ఆల్టర్నేటర్‌నే ఇంజన్‌కు కలపండి. నీళ్ళ డ్రమ్ముల్లో వెయ్యి వాట్ల హీటర్ రాడ్లు వేసి లోడు ఇవ్వండి. బల్బులు వద్దు, ఫిలమెంట్ వేడెక్కేకొద్దీ దాని నిరోధం బాగా మారిపోతుంది. మధ్యలో ఇంటికి పెట్టే డిజిటల్ కరెంటు మీటర్ ఒకటి బిగించండి. దాని మీద యూనిట్‌కు 3200 మెరుపులు అని రాసి ఉందనుకుందాము. రెండున్నర కిలోవాట్ల లోడు మీద పది నిమిషాలు నడిపితే చిన్న ఎర్ర దీపం 1300 సార్లకు పైగా మెరుస్తుంది, కాబట్టి ఒక మెరుపు అటూ ఇటూ అయినా లెక్కలో వచ్చే తప్పు శాతంలో పదో వంతుకు మించదు. మీటర్ తనంతట తానే ఒక శాతం తప్పు చూపినా, ఆ తప్పు అన్ని ఇంధనాలకూ ఒకేలా పడుతుంది. నాలుగు పోళ్ళ ఆల్టర్నేటర్ అయితే 50 హెర్ట్జ్ అంటే 1500 ఆర్‌పీఎం, కాబట్టి వేగానికి వేరే పరికరం కూడా అక్కరలేదు.

ఇక ఇంధనం కొలత. ఆ లోడు మీద మీ ఇంజన్ నిమిషానికి సుమారు 14 గ్రాముల డీజిల్ తాగుతుంది, అంటే 20 సీసీలు 70 సెకన్లలో అయిపోతాయి. స్టాప్‌వాచ్ నొక్కడంలో అర సెకను తేడా వస్తే 0.7 శాతం తప్పు అక్కడే వచ్చేసింది. పైగా డీజిల్ ప్రతి డిగ్రీకి సుమారు 0.08 శాతం వ్యాకోచిస్తుంది కాబట్టి, ఉదయం 30 డిగ్రీల వద్ద, మధ్యాహ్నం 40 డిగ్రీల వద్ద కొలిస్తే మరో 0.8 శాతం కలుస్తుంది. రోహిణి కార్తెలో మన షెడ్లలో వేడి ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు. అందుచేత ఇంధనాన్ని తూచండి. పదో వంతు గ్రాము చూపే ఎలక్ట్రానిక్ కాటా మీద చిన్న డబ్బా పెట్టి, ఇంజన్ అదురు తగలకుండా కాటాకు వేరే గోడ బల్ల వేసి, పది నిమిషాల్లో తగ్గిన బరువు రాసుకోండి. గొట్టం డబ్బా లోపలికి దిగాలి గాని అంచుకు ఆనకూడదు. సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్ నుంచి వెనక్కు వచ్చే లీకు గొట్టం కూడా అదే డబ్బాలోకి రావాలి. అది వేరే సీసాలోకి పోతే ఇంజన్ తాగని డీజిల్‌ను కూడా తాగినట్టు లెక్కేస్తారు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, మీరు వెతుకుతున్న తేడా చాలా చిన్నది. డీజిల్‌లో కిలోకు సుమారు 43 మెగాజౌళ్ళ ఉష్ణశక్తి ఉంటే కానుగ బయోడీజిల్‌లో 37 నుంచి 38 ఉంటుంది. బరువు లెక్కన 12, 13 శాతం తక్కువ. కాని బయోడీజిల్ సాంద్రత ఎక్కువ కాబట్టి లీటరు లెక్కన తేడా ఏడెనిమిది శాతమే, నూటికి 20 పాళ్ళు కలిపిన మిశ్రమంలో అది ఒకటిన్నర శాతానికి దిగుతుంది. ఒకే ఇంధనాన్ని కిలోల్లో చూసినవారు ఒక తీర్పు, లీటర్లలో చూసినవారు మరో తీర్పు ఇవ్వడానికి కారణం ఇదే. వాడిన కిలోలను ఉష్ణశక్తితో హెచ్చవేసి, ఆ శక్తిలో ఎంత శాతం కరెంటుగా బయటకు వచ్చిందో లెక్కకట్టండి. ఇంజన్ ఏ ఇంధనాన్ని బాగా వాడుకుంటోందో చెప్పేది ఆ శాతమే. రైతుకు మాత్రం లీటరుకు ఎన్ని యూనిట్లు వచ్చాయో చెప్పండి, ఆయన కొనేది లీటర్లలోనే.

మరొక్క మాట. పెట్రోలు ఆక్టేన్ అంకెను, అంటే ఇంజన్ కొట్టుకోకుండా కాలే గుణాన్ని, తేల్చే సీఎఫ్ఆర్ అనే పరీక్షా ఇంజన్ 1929 నాటికే తయారైంది. కంప్రెషన్‌ను నడుస్తుండగానే మార్చగలిగిన సింగిల్ సిలిండర్ ఇంజన్ అది. దానిలో కూడా తెలియని ఇంధనాన్ని ఒంటరిగా కొలవరు, గుణం ముందే తెలిసిన రెండు ఇంధనాల మధ్య పెట్టి చూస్తారు. మీరూ అలాగే ఒకే పీపాలోని డీజిల్‌ను ప్రామాణికంగా పక్కన ఉంచుకుని, ముందు అది, తరువాత కొత్త ఇంధనం, మళ్ళీ అది అన్న వరుసలో నడపండి. మొదటి డీజిల్ అంకెకూ చివరి డీజిల్ అంకెకూ మధ్య తేడా అర శాతం దాటితే ఆ రోజు ఫలితాన్ని చించి అవతల పారేయండి.

జవాబు: బోటు ఇంజన్లు, భావనపాడు

మాష్టారు గారు ఇంధనం సంగతి చెప్పారు కాబట్టి నేను ఆయిల్ వరకే రాస్తాను. రాజాం వారి ప్రణాళికలో నాకు నచ్చని భాగం రింగులు తూచడం. కొత్త రింగులు మొదటి గంటల్లో సర్దుకుంటూ అరుగుతాయి, కాబట్టి మొదట పోసిన ఆయిల్ ఎంత మంచిదైనా చెడ్డపేరు మోస్తుంది. ఆ తరువాత పది గంటల్లో అరిగేదానికంటే రింగుకు అంటిన మసి బరువే ఎక్కువ ఉండవచ్చు. అరుగుదల నిజంగా తెలియాలంటే వందల గంటలు కావాలి. భారతీయ ప్రమాణం ఐఎస్ 10000 లోని దీర్ఘకాల పరీక్ష 16 గంటల చొప్పున 32 విడతలు, అంటే మొత్తం 512 గంటలు. అంత డీజిల్ ఎవరు పోస్తారు? వాడిన ఆయిల్ నమూనాను ల్యాబ్‌కు పంపి, అందులో అరిగి కలిసిన ఇనుము పది లక్షల పాళ్ళలో ఎన్ని పాళ్ళుందో చూపించుకోవడం చవకైన దారి.

డీజిల్ మిగులుతుందా లేదా అన్నది మాత్రం మీ రిగ్ మీదే తేలుతుంది. అయితే ముందు ఆయిల్ వేడిని అదుపు చేయాలి. ఎస్‌ఏఈ 40 (ఆయిల్ చిక్కదనాన్ని చెప్పే గ్రేడు) ఆయిల్ చిక్కదనం 80 డిగ్రీల నుంచి 90 డిగ్రీలకు వెళ్ళేసరికి సుమారు పాతిక శాతం పడిపోతుంది. నూరు డిగ్రీల వద్ద 40 గ్రేడుకూ 30 గ్రేడుకూ మధ్య ఉండే తేడా కూడా దాదాపు అంతే. అంటే ఆయిల్ వేడి పది డిగ్రీలు అటూ ఇటూ అయితే, మీరు గ్రేడునే మార్చి పోసినట్టు లెక్క. ఆయిల్ కొలపుల్ల రంధ్రంలోంచి ఒక థర్మోకపుల్ (వేడిని కొలిచే తీగ) దింపండి. సిలిండర్ చుట్టూ నీళ్ళు తిరిగే జాకెట్ నుంచి బయటకు వచ్చే నీటిని 70 డిగ్రీల దగ్గర ఉండేలా వాల్వు తిప్పి సర్దండి, రెండు వేడులూ నిలకడకు వచ్చిన తరువాతనే కాటా చదవడం మొదలుపెట్టండి.

ఆయిల్ తేడా ఫుల్ లోడు మీద కనిపించదు. ఫుల్ లోడులో కాలే డీజిల్‌లో ఎక్కువ భాగం పనికి పోతుంది, రాపిడికి పోయేది చిన్న వాటా, ఆ చిన్న వాటాలో ఆయిల్ మార్చగలిగేది ఇంకా చిన్న ముక్క. ఆల్టర్నేటర్‌ను విడదీసి ఇంజన్‌ను ఖాళీగా నడిపితే, కాలే ప్రతి చుక్కా దాదాపుగా లోపలి రాపిడికి, గాలి పీల్చి వదిలే శ్రమకే ఖర్చవుతుంది కాబట్టి ఆయిల్ ప్రభావం అక్కడ పెద్దదై కనిపిస్తుంది. ఖాళీగా నిమిషానికి నాలుగైదు గ్రాములే కాలుతుంది, అందుచేత పది నిమిషాలు చాలవు, అరగంట నడపండి. పాఠ్యపుస్తకాల్లో చెప్పే విలన్స్ గీత, అంటే నాలుగు లోడుల వద్ద ఇంధనాన్ని గుర్తించి గీతను వెనక్కు పొడిగించి రాపిడి శక్తిని చదవడం, ఇంజన్ స్వభావం తెలుసుకోవడానికి పనికొస్తుంది. కాని రెండు ఆయిళ్ళను విడదీయడానికి సరిపోదు, గీత ఒక వెంట్రుకవాసి వంగితే జవాబు ఎటో పోతుంది.

ఆయిల్ మార్చేటప్పుడు పాతది వేడిగా ఉండగానే దించి, కొత్త ఆయిల్‌నే కొంచెం పోసి నడిపి పారబోసి, అప్పుడు పూర్తిగా నింపాలి. రాపిడి తగ్గించే మందులు కలిపిన ఆయిళ్ళు లోహానికి పొరలా అంటుకుని, ఆయిల్ మార్చాక కూడా కొంతకాలం పనిచేస్తూనే ఉంటాయి. కాబట్టి మందులు తక్కువ ఉన్న సాదా ఆయిల్‌తో మొదలుపెట్టి, అలాంటివి చివరికి ఉంచుకోండి. సీసాల్లో విడిగా అమ్మే "మైలేజీ మందుల" జోలికి ఈ ఇంజన్‌తో అసలే పోవద్దు.

రాజాం పంపుసెట్లు

మాష్టారు గారికీ, భావనపాడు వారికీ కృతజ్ఞతలు. తాడు బ్రేకు, రింగుల తూకం రెండూ మానేస్తున్నాము. ఆల్టర్నేటర్ నష్టం లోడును బట్టి మారుతుంది కదా, అది లెక్కను చెడగొట్టదా? ఇంకొక సంగతి, పలాస నుంచి ఒకరు జీడిపిక్క తొక్కల నూనె తెచ్చి ఇస్తామని, దాన్ని కూడా డీజిల్‌లో కలిపి చూడమని అంటున్నారు. చూడవచ్చా?

జవాబు: కాశీబుగ్గ బాయిలర్

జీడి ఫ్యాక్టరీలో బాయిలర్ చూసేవాడిగా ఆ నూనె గురించి చెబుతాను. దయచేసి దాన్ని మీ ఇంజన్ దగ్గరకు రానివ్వకండి. అది వంటనూనెల జాతి కాదు. అందులో ప్రధానంగా ఉండేవి అనకార్డిక్ ఆమ్లం, కార్డానాల్, కార్డాల్. పిక్కలు కొట్టే ఆడవాళ్ళ చేతులు నల్లబడి తోలు ఊడటానికి కారణం ఈ ఆమ్లమూ, కార్డాలూ, అందుకే వారు చేతులకు నూనె గాని బూడిద గాని రాసుకుంటారు. పచ్చి నూనె వేడి తగిలితే చిక్కబడి జిగురుగా మారుతుంది. రంగుల, బ్రేకు లైనింగుల పరిశ్రమలు దాన్ని కొనేది ఆ గుణం కోసమే, అదే గుణం నాజిల్ రంధ్రాల వద్ద శాపమవుతుంది. తొక్కలను మేము బాయిలర్‌లో కాలుస్తాము, అక్కడ కూడా పొగగొట్టానికి పేరుకునే మసి బంకను గీకడం ఒక పెద్ద పని.

కానుగ నూనెను కూడా పచ్చిగా పోయవద్దని అడగకపోయినా చెబుతున్నాను. 40 డిగ్రీల వద్ద బీఎస్-6 డీజిల్ చిక్కదనం 2 నుంచి 4.5 సెంటీస్టోక్‌ల మధ్య ఉండాలి, పచ్చి కానుగ నూనెది సుమారు దానికి పది రెట్లు. మిథనాల్‌తో చర్య జరిపి, గ్లిజరిన్ తీసేసి, నీటితో కడిగి ఆరబెట్టినదైతేనే బయోడీజిల్ అవుతుంది.

జవాబు: ల్యాబ్ మాష్టారు

ఆల్టర్నేటర్ నష్టం గురించి అడిగారు. ఒకే లోడు వద్ద రెండు ఇంధనాలను పోల్చినంతకాలం ఆ నష్టం రెండింటికీ సమానమే. పావు లోడు ఫలితాన్ని ముప్పావు లోడు ఫలితంతో పోల్చాలనుకుంటేనే ఇబ్బంది, అలా పోల్చకండి.

బయోడీజిల్ విషయంలో ఒక చిక్కు ఉంది. అది డీజిల్ అంత సులువుగా నొక్కుకుపోదు, అందువల్ల ఇంధన పంపులో ఒత్తిడి కొంచెం త్వరగా పెరిగి నాజిల్ ముందుగానే తెరుచుకుంటుంది. టైమింగ్ (డీజిల్ చిమ్మే క్షణం) మీరు ముట్టుకోకపోయినా ఇంజన్ దృష్టిలో టైమింగ్ మారినట్టే. కనుక ఫలితం రాసేటప్పుడు ఇంధనం మారిందని మాత్రమే రాయకుండా, పంపు అమరిక డీజిల్‌కు ఉన్నట్టే ఉంచామని కూడా రాయండి. సైలెన్సర్ ముందు ఒక థర్మోకపుల్ పెడితే పొగ వేడి తెలుస్తుంది, ఆ అంకె ఇలాంటి మార్పులను తొందరగా పట్టిస్తుంది.

ఇంధనాలు మార్చడానికి మూడు దారుల వాల్వు పెట్టి, ఫిల్టర్‌లోనూ గొట్టాల్లోనూ మిగిలిన పాత ఇంధనం పూర్తిగా కాలిపోయేదాకా ఏమీ రాసుకోకండి. నాజిల్ లీకు గొట్టాన్ని ఆ కాసేపు వేరే సీసాలోకి మళ్ళించండి, లేకపోతే పాత ఇంధనం కొత్త డబ్బాలో కలుస్తుంది. మామూలు నైట్రైల్ రబ్బరు గొట్టాలు బయోడీజిల్‌కు ఉబ్బుతాయి, వైటాన్ రకం వేయండి. పాత ట్యాంకుల్లోని మడ్డిని కూడా అది కరిగించి తెస్తుంది కాబట్టి మొదటి రోజుల్లో ఫిల్టర్ విప్పి చూస్తూ ఉండండి. స్టార్ట్ చేయడమూ ఆపడమూ ఎప్పుడూ డీజిల్ మీదే జరగాలి. షెడ్డులో పొగగొట్టాన్ని గోడ బయటకు తీయండి, హీటర్ డ్రమ్ములకూ ఇంజన్ దిమ్మకూ కలిపి మంచి ఎర్తింగ్ వేయించండి.